బుట్టెడు పాత ఊక

నాకు చేతివాసి ఉందని మా కెడు ఊరి చుట్టుపక్కల ఆడవాళ్లంతా అనేవాళ్లు. ఎవరు కొత్తగా కోడిపిల్లల్ని పెట్టుకున్నా ముందు వచ్చి మా గుమ్మంలో నిలబడేవాళ్లు. నేను మా కోళ్ల పాకలోకి వెళ్లి, పెద్ద పెట్టలు తొక్కిన పాత ఊక బుట్టెడు ఎత్తి ఇచ్చేదాన్ని. ఆ ఊకని కొత్త పాకలో అడుగున పరిస్తే పాత ఇంటి వెచ్చదనం, పాత ఇంటి కలిసొచ్చే గుణం కొత్త పిల్లలకి అంటుకుంటాయని మా నమ్మకం. మా అమ్మమ్మ ఇచ్చింది, మా అమ్మ ఇచ్చింది, నేనూ ఇచ్చాను. ఇరవై ఏళ్లు ఇచ్చాను. ఒక్కళ్లు కూడా వెనక్కి వచ్చి, "తుమిరా, నీ ఊక వేశాక నా పిల్లలు పోయాయి" అనలేదు. దాంతో నాకు కాస్త నెత్తికెక్కింది కూడా. దాచడం ఎందుకు?

మా ఆయన పర్జోనోకి మాత్రం ఆ బుట్ట అంటే పడేది కాదు. ఆయన పశువుల ఆఫీసులో కోళ్లకి టీకాలు వేసే ఉద్యోగం చేసేవాడు. మోటారు సైకిల్ మీద మంచుపెట్టె కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. పెళ్లయిన కొత్తలో మూడుసార్లు చెప్పాడు.

"ఆ ఊకలో జబ్బు ఉంటుంది తుమిరా. పెద్ద పెట్టలు తట్టుకుంటాయి కాబట్టి నీకు కనపడదు. వాటి రెట్టలో రాలిన జబ్బు పురుగుల గుడ్లు కంటికి ఆనవు. పసి కోడిపిల్లల కడుపులోకి పోయాయంటే పేగు కోసేస్తాయి."

దానికేదో పొడుగాటి పేరు కూడా చెప్పాడు, కాక్సిడియోసిస్ అని. మేం రక్తపారుడు అంటాం. మొదటిసారి చెప్పినప్పుడు నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. రెండోసారి వారం. మూడోసారి పుట్టింటికి పోయి కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనే గెలిచాననుకున్నాను.

ఆయన పోయి ఇప్పటికి రెండు నెలలవుతోంది. పొద్దున్నే టీ తాగి, గుండెలో పట్టేసినట్టుందని పడుకున్నాడు, అంతే. నేను ఏడవలేదు. ఊళ్లో వాళ్లు నా మొహంలోకి చూసి చూసి విసిగిపోయారు. చెప్పుకోవడానికి నాకు ఏమీ లేదు. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఒంట్లో ఎవరో దీపం ఆర్పేసి వెళ్లిపోయినట్టుంది, నేను లేచి వెలిగించుకోలేదు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి నల్లకోళ్లు. ఈక నలుపు, చర్మం నలుపు, జుట్టు నలుపు, నోట్లో నాలుక కూడా నలుపే. పన్నెండేళ్లు ఏరి ఏరి పెంచిన జాతి. నా గోధుమరంగు పెట్టల పాకకి దూరంగా వాటికి వేరే గూడు కట్టాడు. ఆయన పోయిన మూడో రోజు చేసే ప్రార్థన విందుకి వంటవాళ్లు కోళ్లేవి అని అడిగితే నేను ఆ గూటి వైపు చేయి చూపించాను. ఏడో రోజూ అదే చేయి చూపించాను. విందు అయిపోయాక గూడు ఖాళీ. అది ఖాళీ అయిందని కూడా రెండు రోజుల దాకా నాకు తట్టలేదు. ఛీ, ఏం మనిషిని!

మిగిలింది పొదిగే పెట్టెలో ఉన్న గుడ్లే. పోవడానికి నాలుగు రోజుల ముందు ఆయన నలభై రెండు గుడ్లు అందులో పెట్టాడు. పెట్టె మూత మీద పెన్సిలుతో 'రోజుకి మూడుసార్లు తిప్పాలి' అని రాసుంది. రాసుంది కాబట్టి తిప్పాను. మనసు పెట్టి తిప్పాననుకోకండి. పళ్లు తోముకున్నట్టు తిప్పాను. ఆయన పోయిన పదిహేడో రోజున ముప్పై ఎనిమిది పిల్లలు బయటికి వచ్చాయి. అన్నీ నల్లగా, ఒక్క తెల్ల మచ్చా లేకుండా. ఆయన ఉంటే చంకలు గుద్దుకునేవాడు. నాకు మాత్రం ఆ కిచకిచలు చెవిలో పడుతుంటే ఒళ్లు మండిపోయింది.

రుస్మిని పిలిపించాను. రుస్మి మా ఆయన చెల్లెలు. మలుపు దాటాక మూడో ఇల్లు. కోళ్లు పెంచిన అలవాటు లేదు. పొగాకు చేలో పనికి పోతుంది.

"వీటిని తీసుకుపో. నాకు వినపడనంత దూరంలో పెట్టు" అన్నాను.

"నాకు చేతనవుతుందా వదినా? అన్నయ్య జాతి మొత్తం ఇదే కదా మిగిలింది. చెడితే ఎవరికి చెప్పుకోను?"

"చెడవు" అన్నాను. పాకలోకి వెళ్లి, అలవాటుగా, బుట్టెడు ఊక ఎత్తి దాని చేతిలో పెట్టాను. రుస్మి ఆ బుట్ట వంక చూసి, నా వంక చూసి, ఏదో అనబోయి ఆగింది. నేను అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. సుంబింగ్ కొండ వారం రోజులు కనపడలేదు. ఆయన పోయిన ముప్పై ఏడో రోజు పొద్దున్న రుస్మి గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"వదినా, రెట్టలో రక్తం పడుతోంది. పొద్దున్నే చూశాను. ఆరు పోయాయి."

"ఎప్పటినుంచి?"

"తెలీదు వదినా. నిన్న కాస్త ముడుచుకుని కూర్చున్నాయి, చలికేమో అనుకున్నాను."

వెళ్లి చూశాను. మామూలు కోడిపిల్లయితే జుట్టు పాలిపోయి ముందే చెబుతుంది. ఈ నల్లవాటికి పాలిపోవడానికేముంది? లోపల రక్తమంతా కారిపోయినా పైకి నలుపు నలుపే. కళ్లు మూసుకుని, రెక్కలు వేలాడేసుకుని, ఈకలు రేగి, బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడున్నాయి. చలిగాలి కొట్టకూడదని రుస్మి చుట్టూ ప్లాస్టిక్ పట్టా బిగించేసింది. లోపల ఆవిరి. అడుగున ఊక తడిసి పేడలా ముద్దయి ఉంది. నీళ్ల గిన్నె నేలమీదే పెట్టింది, అందులో రెట్ట తేలుతోంది.

"బుద్ధుందా నీకు?" అన్నాను. "గాలి ఆడకుండా పట్టా ఎవరు కట్టమన్నారు? గిన్నె కింద ఇటుకైనా పెట్టలేకపోయావా? తడి ఊక రోజూ తిరగేసి తీసెయ్యాలని ఆ మాత్రం తెలీదా? ఆయన చెల్లెలివేనా నువ్వసలు?"

రుస్మి తల వంచుకుంది.  అప్పటికి నాకు అది తప్పు ఒప్పుకున్నట్టే తోచింది.

ఇంటికి వచ్చి ఆయన మందుల పెట్టె తెరిచాను. ఆయన పోయాక అది తెరవడం అదే మొదలు. రక్తపారుడు మందు డబ్బా మీద కాగితం అంటించి ఆయన చేత్తో రాసి ఉంది: 'నీళ్లలోనే ఇవ్వాలి, మేతలో కాదు. జబ్బు పిల్ల మేత మానేస్తుంది, నీళ్లు మానదు. ఐదు రోజులు. వేరే నీళ్లు పెట్టకూడదు. రోజూ కొత్తగా కలపాలి. విటమిన్ పొడి ఆ ఐదు రోజులూ ఇవ్వకు, మందు పని చెయ్యదు.' ఆయన మాట్లాడినట్టే ఉంది. చదివాను. డబ్బా చంకలో పెట్టుకుని మళ్లీ వెళ్లాను.

రుస్మి అప్పటికే పసుపు పచ్చటి విటమిన్ పొడి నీళ్లలో కలిపి పెట్టింది. మా ఊళ్లో కోడి తుమ్మినా దగ్గినా అదే పోస్తారు. పారబోయించాను. మందు నీళ్లు కలిపి మూడు గిన్నెల్లో పోసి, ఇటుకల మీద ఎత్తుగా పెట్టాను. ముక్కు తడపలేని పిల్లలకి వేలు ముంచి బొట్టు బొట్టుగా తాగించాను. వెదురు బద్దలతో అడుగు కట్టిన పాత గంపలు రెండు ఉంటే, పిల్లల్ని వాటిలోకి మార్చాను. రెట్ట సందుల్లోంచి కిందికి రాలిపోతుంది, పిల్ల మళ్లీ దాన్ని పొడుచుకు తినదు. ఊక అంతా గోకి తీసి, పెరట్లో పోసి తగలబెట్టించాను. తడిసిన ఊక కాలదు, కిరసనాయిలు పోస్తే గాని అంటుకోలేదు. నేలమీద సలసల కాగే నీళ్లు నాలుగు బిందెలు పోయించాను. మామూలు ఫినాయిలుకి ఈ జబ్బు చావదు. ఆయన పదిమందికి చెబుతుంటే వంటింట్లోంచి విన్న మాటలే ఇవన్నీ. ఇన్నేళ్లూ వినడం లేదనుకున్నాను, అన్నీ విన్నానన్నమాట.

ఆ ఊక కాలుతుంటే చూస్తూ నిలబడ్డాను. పైన రుస్మి పోసిన కొత్త ఊక. అడుగున నల్లగా, నలిగిపోయిన పాత ఊక. అందులో నా గోధుమరంగు పెట్ట ఈక ఒకటి కనపడింది. అది నా బుట్ట.

వాన ఒక కారణం, పట్టా ఒక కారణం. కానీ విత్తనం నేనే ఇచ్చాను. ఆయన మూడుసార్లు చెప్పిన మాట. నాకు ఆ క్షణంలో ఏడుపు రావాలి, సిగ్గన్నా కలగాలి. ఏదీ కలగలేదు. "పొగ కళ్లలో పడుతోంది, ఇటు రా వదినా" అని రుస్మి అంటే పక్కకి జరిగాను. ఆ సంగతి నోరు విప్పి చెప్పలేదు.

ముప్పై ఎనిమిదో రోజు తొమ్మిది పోయాయి. ముప్పై తొమ్మిదో రోజు ఏడు. పొద్దున లెక్కపెట్టడం, చచ్చినవాటిని గోతిలో వేసి సున్నం చల్లి కప్పెట్టడం, గిన్నెలు కడిగి కొత్తగా మందు కలపడం. నేనూ రుస్మీ ఇద్దరం మాటలు లేకుండా చేశాం. రుస్మి పనికి పోవడం మానేసింది. ఒకసారి చచ్చిన పిల్లని అరచేతిలో పెట్టుకుని, "ఇది అన్నయ్య ఏరిన గుడ్డే కదా" అంది. నేను దాని చేతిలోంచి తీసుకుని గోతిలో వేశాను.

నలభయ్యో రోజు మా ఇంట్లో ప్రార్థన. తెల్లారేసరికి వీధి ఆడవాళ్లు పదిమంది మా వంటింట్లో చేరారు. ఈసారి గోధుమరంగు పుంజుని కోశారు. కాళ్లూ మెడా కట్టి కొబ్బరిపాలలో ఉడకేశారు. ఒకామె పులియబెట్టిన సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తోంది. రుస్మి మూలన రోలు ముందు కూర్చుని మసాలా నూరుతోంది. మూడు రోజులుగా నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి. పొద్దున్నే గంపలు చూసి వచ్చింది, ఇంకో రెండు పోయాయట. మిగిలినవి పద్నాలుగు. అవి మందు నీళ్లు తాగుతున్నాయి గానీ, నిలుస్తాయో లేదో ఇంకా తెలీదు.

ఊళ్లో సంగతి దాగదు. టెంపే వేయించే ఆమె మొదలుపెట్టింది.

"పాపం, పర్జోనో గారి నల్లకోళ్లు పోతున్నాయంట కదా. తుమిరమ్మ దగ్గరే ఉంచాల్సింది. ఆవిడ చెయ్యి వేరు."

"కోళ్లకి చెయ్యి చూసే ఇవ్వాలమ్మా" అంది ఇంకో ఆమె. "పొగాకు కోసే చేతికి పిల్లలేం నిలుస్తాయి?"

"అన్నగారి ఆస్తి, మూడు వారాలు కాపాడలేకపోయింది."

రుస్మి నూరుతూనే ఉంది. తల ఎత్తలేదు. మొన్న నేను తిట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాని చెంప మీద మసాలా అంటుకుంది. దాన్ని చూస్తుంటే నలభై రోజుల్లో మొదటిసారి నా లోపల ఏదో కదిలింది. అది జాలి కాదు, నా మీద నాకే పుట్టిన అసహ్యం.

"దాన్ని అనకండి" అన్నాను. "దాని చెయ్యి మంచిదే. ఆ పిల్లల్ని నేనే చంపాను. నేనిచ్చిన పాత ఊకలోనే జబ్బుంది. మా ఆయన ఎప్పుడో చెప్పాడు. నేను వినలేదు. నా బుట్టే వాటిని చంపింది."

  అప్పుడు ముల్యానీ నోరు తెరిచింది. ముల్యానీది రుస్మి ఎదురిల్లు. దాని నోటికి తలుపు లేదని ఊరంతా అంటుంది. అది చేతిలో గరిటె ఊపుతూ రుస్మి వైపు తిరిగింది.

"అదేంటే రుస్మీ! నువ్వు పారబొయ్యలేదా?"

అన్నాక నాలిక్కరుచుకుంది. మిగతా ఆడవాళ్లు ఒక్కసారిగా పనిలో పడ్డారు. తరిగిన మిరపకాయలే మళ్లీ తరుగుతున్నారు.

"ఏం పారబొయ్యడం?" అన్నాను.

"ఏం లేదక్కా. ఊరికే అన్నా."

"ముల్యానీ. నా ఇంట్లో, నా మొగుడి నలభయ్యో రోజున నాతో అబద్ధం ఆడకు."

ముల్యానీ గరిటె కింద పెట్టింది. రుస్మి వైపు చూసింది, అది సాయం రాలేదు. ఇంక తప్పక చెప్పింది.

"నేను మొదటిసారి పిల్లల్ని పెట్టినప్పుడు నీ దగ్గర బుట్ట తీసుకుని పోతున్నానక్కా. మలుపు దగ్గర పర్జోనో అన్న బండి ఆపుకుని నిలబడున్నాడు. 'అమ్మా ముల్యానీ, ఆ ఊక ఇక్కడ చేమదుంపల గుంటలో పారబొయ్యి. ఖాళీ బుట్ట రేపు నవ్వుతూ తిరిగిచ్చెయ్యి. మా ఆవిడకి మాత్రం చెప్పకు, ఆవిడ ప్రేమగా ఇస్తుంది, మనసు కష్టపెట్టుకుంటుంది' అన్నాడు. సాయంత్రానికి మిల్లు దగ్గర ఎండబెట్టిన కొత్త ఊక బస్తా తెచ్చి మా పాకలో తనే పరిచి పోయాడు."

"నీకొక్కదానికేనా?"

 ఒక్కొక్కళ్ల మొహం చూశాను. టెంపే ఆమె చట్టిలోకి చూస్తూ తల ఊపింది. మిరపకాయల ఆమె ఊపింది. తమలపాకు నములుతున్న ముసలామె, "మా కోడలికీ అంతేనమ్మా. పదేళ్లయింది" అంది.

ఇరవై ఏళ్లు. నా చేతివాసి అని ఊరంతా అన్నది ఆయన బస్తా. నేను ముందు బుట్ట ఇచ్చి గర్వంగా లోపలికి పోతే, ఆయన వెనకాల బండేసుకుని పోయి ఆ బుట్టని ఖాళీ చేయించేవాడు. ఒక్క రోజు కూడా ఎత్తిపొడవలేదు. ఇంటికొచ్చి, "ఇవాళ ఎవరికిచ్చావు?" అని మామూలుగా అడిగేవాడు. ముచ్చటకి అడుగుతున్నాడనుకునేదాన్ని. ఎవరి వెనక పోవాలో తెలుసుకోవడానికి అడిగేవాడని ఇప్పుడు తెలిసింది.

"మరి నీకూ చెప్పాడుగా" అన్నాను రుస్మితో. "నువ్వెందుకు పారబొయ్యలేదు?"

రుస్మి రోలు మీద చేతులు ఆనించి మొదటిసారి తలెత్తింది.

"ఎప్పుడో చెప్పాడు వదినా, నువ్వు ఎప్పుడన్నా బుట్ట ఇస్తే పారబొయ్యమని. మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగాయి. అన్నయ్య ఉంటాడేమోనని చూశాను. లేడు. చేతిలో అన్నయ్య పిల్లలు. నువ్విచ్చిన బుట్ట. అన్నయ్య పోయాక నువ్వు నీ అంతట నువ్వు ఎవరికన్నా ఏదన్నా ఇచ్చింది అదొక్కటే. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు."

 లోపలి గదిలోంచి ప్రార్థన చెప్పే దికున్ తాత, "కోడి ఉడికిందా అమ్మా, జనం కూర్చున్నారు" అని కేకేశాడు. కోడిని పళ్లెంలో పెట్టి పంపించాను. ప్రార్థన జరిగినంతసేపూ గుమ్మం పక్కన కూర్చున్నాను. ఆయన పేరు చదివినప్పుడు అందరితో పాటు ఆమీన్ అన్నాను.

మర్నాడు పొద్దున రుస్మి ఇంటికి మందు కలపడానికి పోతూ మలుపు దగ్గర ఆగాను. ఆ చేమదుంపల గుంట రోజూ చూసేదే. ఊళ్లో ఎక్కడా లేనంత ఏపుగా, ఒక్కో ఆకు చాటంత ఉంటుంది. ఎవరో చెత్త పోస్తున్నారనుకునేదాన్ని. కిందికి దిగి ఆకులు పక్కకి తీసి చేత్తో తవ్వాను. మోచేతి లోతు దాకా ఊకే. పైన మట్టిలా నల్లగా, లోపల ఇంకా పొరలు పొరలుగా నా పాక ఊక.

"ఇరవై ఏళ్లా?" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఇరవై ఏళ్లు నన్ను పిచ్చిదాన్ని చేశావా? ఆ నాలుగోసారి కూడా చెప్పి చావొచ్చుగా! ఎన్ని రోజులు అలుగుతాను? నెల? ఏడాది? అలిగితే అలిగేదాన్ని! నీ పిల్లలు బతికేవి కదయ్యా!"

ఆ 'అయ్యా' అంటూనే, చేమాకుల మధ్య, మోచేతులదాకా ఊకతో, అక్కడే కూలబడి ఏడ్చాను. నలభై ఒక్క రోజుల ఏడుపు. పొగాకు చేలకి పోయేవాళ్లు దారిలో ఆగి చూశారు. చూస్తే చూడనీ.

అది మందు ఐదో రోజు. ఆ రోజు ఒక్క పిల్లా పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. రెట్ట గోధుమరంగుకి తిరిగింది, పద్నాలుగూ మేత పొడవడం మొదలుపెట్టాయి. వాటిలో పుంజులెన్నో పెట్టలెన్నో ఇంకా తెలీదు. ఒక్క జత ఉన్నా ఆయన జాతి నిలుస్తుంది.

రెండు రోజులు ఎండ కాసింది. మిల్లుకి పోయి కొత్త ఊక బస్తా తెచ్చి, వాకిట్లో చాప పరిచి, గంటగంటకీ తిరగేసి, గుప్పిట పడితే గలగలమనేదాకా ఎండబెట్టాను. ఆయన బండి తోలడం నాకు రాదు. బస్తాని గుడ్డతో వీపుకి కట్టుకుని నడిచాను. మలుపు దగ్గర ఆగలేదు. రుస్మి ఇంటి గుమ్మంలో దించాను. అది బయటికి వచ్చి బస్తా వంక చూసి, నా వంక చూసి, మళ్లీ ఏదో అనబోయి ఆగింది.

"ఇది పారబొయ్యక్కర్లేదులే" అన్నాను.